సింగపూర్ క్రూజ్: సూట్‌కు పెట్టే అదనపు సొమ్ము ఎప్పుడు గిట్టుబాటవుతుంది?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. ఈ శీతాకాలంలో మా నాన్నగారి షష్టిపూర్తి ఉంది. ఆ వేడుక ముగిశాక అమ్మానాన్నలను వెంటబెట్టుకుని నేనూ మా ఆవిడా సింగపూర్ నుంచి బయలుదేరే నాలుగు రాత్రుల క్రూజ్‌కు (ఓడ విహారానికి) వెళ్లాలనుకుంటున్నాం. శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది కాబట్టి ఆ సంగతి తేలిపోయింది. తేలనిది గది విషయమే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు వరుసలో నిలబడలేరు. మా ఇంట్లో ఎవరికీ మద్యం అలవాటు లేదు. ఒక ఏజెంటు నలుగురికీ కలిపి ఒకే సూట్ తీసుకోమంటున్నారు, మరొకరు రెండు బాల్కనీ గదులు చాలంటున్నారు. నాన్నగారికి ఇది జీవితాంతం గుర్తుండాలని నా కోరిక. అలాగని పేరు చూసి డబ్బు పోయడం ఇష్టం లేదు. ఏ లెక్కన నిర్ణయించుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (సైనిక్‌పురి నుంచి)

ముందుగా మీ నాన్నగారికి షష్టిపూర్తి శుభాకాంక్షలు. నా దృష్టిలో సూట్ అంటే పెద్ద గది కాదు, ఆ గదితో పాటు వచ్చే హక్కులు. ఆ హక్కులు లేని సూట్‌కు ఎక్కువ ధర ఇవ్వడం దండగ. రాయల్ కరీబియన్ అనే క్రూజ్ సంస్థ ఓడల్లో జూనియర్ సూట్ అని ఒకటి ఉంటుంది. గది బాల్కనీ గదికన్నా విశాలంగానే ఉన్నా, గ్రాండ్ సూట్, ఆపై తరగతుల వారికి దక్కే సౌకర్యాల్లో చాలా వాటికి అది నోచుకోదు. జెంటింగ్ డ్రీమ్ ఓడలో ‘ది ప్యాలెస్’ పేరుతో సూట్లవారికి విడిగా ఒక ప్రాంగణమే ఉంది, గదివారి అవసరాలు చూసే బట్లర్ సేవ కూడా ఉంటుంది. రెండింటినీ సూట్ అనే అంటారు గనుక, కొటేషన్ అందగానే గది తరగతి పూర్తి పేరు రాయించుకుని, దానితో ఏమేమి వస్తాయో క్రూజ్ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

తర్వాత ఆ సౌకర్యాల పట్టికలో మీ ఇంట్లోవారు నిజంగా వాడుకునేవాటికే విలువ కట్టండి. కొన్ని సంస్థలు సూట్ ధరలో మద్యం ప్యాకేజీని కలిపి అదే పెద్ద ఆకర్షణగా చూపిస్తాయి. మీకు దాని విలువ సున్నా. అదే సమయంలో, ఓడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముందుగా పంపడం, భోజనానికి రద్దీలేని వేరే రెస్టారెంటు, ఓడ తీరానికి దూరంగా లంగరు వేసే చోట చిన్న పడవల్లోకి ముందుగా ఎక్కించడం వంటివి మీ అమ్మగారికి ఎంతో ఊరట. అయితే మోకాళ్ల ఇబ్బంది గురించి బుకింగ్ సమయంలోనే రాసిచ్చి చక్రాల కుర్చీ సహాయం అడిగితే, మామూలు గదివారికి కూడా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సాయం అందుతుంది. ఈ ఒక్క కారణంతో సూట్ తీసుకోవాలనుకుంటే మాత్రం ముందు ఆ సాయం గురించి కనుక్కోండి.

జవాబు (హిమాయత్‌నగర్ నుంచి, ట్రావెల్ రంగంలో పనిచేస్తున్నాను)

పై మాటలతో ఏకీభవిస్తూ ధరల సంగతి చెబుతాను. క్రూజ్ ధరను ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన తలకు ఇంత అని చెబుతారు. మూడో, నాలుగో వ్యక్తికి సాధారణంగా తక్కువ ఛార్జీ పడుతుంది. అందువల్ల నలుగురు ఒకే సూట్‌లో ఉంటే మొత్తం, రెండు బాల్కనీ గదుల ధరకు దగ్గరగా రావచ్చు. మీ మొదటి ఏజెంటు సలహాకు ఆధారం అదే. కానీ ఆ మిగతా ఇద్దరూ హాల్లోని సోఫా బెడ్ మీద పడుకోవాలి, చాలా సూట్లలో స్నానాల గది ఒక్కటే. షష్టిపూర్తి దంపతులను తీసుకెళ్లే ప్రయాణానికి నేనైతే ఆ ఏర్పాటు సూచించను. మధ్యలో తలుపు ఉన్న రెండు పక్కపక్క బాల్కనీ గదులు అడగండి. కొన్ని ఓడల్లో బాల్కనీల మధ్య అడ్డును కూడా సిబ్బంది తెరిచిపెడతారు.

ఏ గదికైనా ఛార్జీ, పోర్టు రుసుములు, పన్నులు, సిబ్బందికిచ్చే గ్రాట్యుటీ, అన్నీ కలిపిన అంకెనే పోల్చాలి. గ్రాట్యుటీ తలకు, రోజుకు ఇంత అని వేస్తారు. కొన్ని సంస్థల్లో సూట్లవారికి ఆ రేటు ఎక్కువ. విదేశీ ప్యాకేజీ మీద అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను (టీసీఎస్) మాత్రం చివరికి ఖర్చు కాదు, ఎవరి పాన్ మీద జమైతే వారి ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కనుక ఎవరి పేరున బిల్లు చేయించాలో ముందే ఆలోచించుకోండి.

బాల్కనీ గది బుక్ చేసుకున్నాక సూట్‌కు మారడానికి అదనంగా ఎంత ఇస్తారో చెబుతూ బిడ్ వేయమని మెయిల్ రావచ్చు. అందులో చూపే మొత్తం సాధారణంగా తలకు లెక్క, గది మొత్తానికి కాదు. గదిలోని మొదటి ఇద్దరికీ పడుతుంది. బిడ్ గెలిస్తే గది ఎక్కడ ఇస్తే అక్కడికే వెళ్లాలి, డబ్బు వెనక్కి రాదు. రెండు గదులవారు వేస్తే ఒకటే ఖరారై, అమ్మానాన్నలు ఒక డెక్‌లో (ఓడ అంతస్తులో), మీరు మరో డెక్‌లో పడే అవకాశం ఉంది. మీ కుటుంబానికి అది పనికిరాదు. దానికి బదులు, తుది చెల్లింపు గడువు దాటకముందు వారం వారం ధర చూస్తూ ఉండి, తగ్గితే కొత్త ధరకు మార్చమని ఏజెంటును అడగండి. కొన్ని సంస్థలు అందుకు ఒప్పుకుంటాయి.

తేదీల్లో వెసులుబాటు ఉంటే, నవంబరు మధ్య నుంచి డిసెంబరు చివరిదాకా సింగపూర్ బడి సెలవులు కాబట్టి ఆ రోజులు వదిలేసి, జనవరిలో చైనీస్ కొత్త సంవత్సరానికి ముందున్న వారాలు చూడండి.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

ఒక్క మాట. డెక్ ప్లాన్ తెరిచి మీ గదికి సరిగ్గా పైనా కిందా ఏముందో చూడండి. పైన ఈత కొలను డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు లాగే చప్పుడు మొదలవుతుంది. ఓడ నడిమి భాగంలో, కింది డెక్‌లలో ఊగడం తక్కువగా తెలుస్తుంది. పై డెక్‌లో ముందు చివరన ఉన్న ఖరీదైన సూట్‌లోనే ఎక్కువగా తెలుస్తుంది. శాకాహారం సంగతి కూడా బుకింగ్ అప్పుడే రాయించండి. ఓడ మలేసియా వంటి వేరే దేశానికి వెళ్లి తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి, రెండోసారి ప్రవేశానికి పనికొచ్చే వీసా నలుగురికీ ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. జనవరి తేదీలకు, నడిమి భాగంలో, మధ్య తలుపున్న రెండు బాల్కనీ గదులకు కొటేషన్ అడిగాను. అమ్మానాన్నలకు మాత్రమే ప్యాలెస్ సూట్, మాకు కిటికీ లేని లోపలి గది తీసుకుంటే మొత్తం ఎంతవుతుందో కూడా రాసి పంపమన్నాను.

జవాబు (హిమాయత్‌నగర్ నుంచి)

ఆ రెండో ఏర్పాటు అడగడం మంచి ఆలోచనే. ఒక్కటి మాత్రం ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి: సూట్లవారి రెస్టారెంటు, లాంజ్ సాధారణంగా ఆ గదిలో పేరున్నవారికే పరిమితం, మీరిద్దరూ వారితో కూర్చుని భోంచేయడానికి అనుమతించకపోవచ్చు.