అప్‌డేట్: ఆ జపనీస్ యోధుడి బొమ్మ చెక్క అచ్చేనా?

మా బాబాయి ఇచ్చిన జపనీస్ యోధుడి బొమ్మ చెక్కిన చెక్క అచ్చుతో కాగితం మీద వేసిన పాతదా, ప్రెస్‌లో కొట్టించిందా అని ఇదివరకు అడిగాను కదా. మీరు చెప్పినట్టే భూతద్దం పెట్టి చూశాను. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో ఉండే సన్నటి రంగు చుక్కలు ఎక్కడా లేవు. వెనక్కి తిప్పి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, కాగితాన్ని అచ్చు మీద పెట్టి బారెన్‌తో (చేత్తో పట్టుకునే గుండ్రటి బిళ్లలాంటి సాధనం) రుద్దిన గుండ్రటి గీతలు తెలుస్తున్నాయి. రంగు అటువైపుకీ దిగింది. చెక్క అచ్చే, అనుమానం లేదు.

మరి ఎప్పటిది? సంతకం 19వ శతాబ్దపు జపనీస్ చిత్రకారుడు ఉతగావా కునియోషిది. పక్కన రెండు గుండ్రటి సెన్సార్ ముద్రలు (బొమ్మ అచ్చువేయడానికి అనుమతి గుర్తులు) ఉన్నాయి. ఇలా జంటగా వేసే పద్ధతి 1847–1852 మధ్యది. కాకపోతే తర్వాత కొత్తగా చెక్కిన నకళ్లలో ముద్రల్ని కూడా అచ్చం అలాగే చెక్కేస్తారు. అందుకే ఇంకా ఎగిరి గంతేయలేదు.

నాకు బాగా నచ్చింది పేరు సంగతి. బొమ్మ మీద ‘మషిబా హిసయోషి’ అని ఉంది. అసలు మనిషి 16వ శతాబ్దంలో జపాన్‌ను ఏలిన యోధుడు తొయొతోమి హిదెయోషి! 16వ శతాబ్దం చివరి నుంచి వచ్చిన యోధుల్ని సొంత పేర్లతో వేయడం అప్పట్లో నిషేధం. హిదెయోషి బొమ్మలు వేసినందుకే 1804లో ఉతమారో అనే చిత్రకారుడి చేతికి సంకెళ్లు పడ్డాయి. కునియోషి పేరు మార్చి పని కానిచ్చాడు, గడుసువాడు.

ధర అడిగినవాళ్లకు: అంచులు కత్తిరించేశారు, నడిమధ్య మడత ఉంది. ఎలాగూ అమ్మను. ఎండ తగలని గోడ చూసి ఫ్రేమ్ కట్టిస్తున్నాను.