‘సిటీ ఆఫ్ విమెన్’: ఫెల్లినీ మగాళ్ళను నిలదీశాడా, వెనకేసుకొచ్చాడా?

పాతటికెట్:
ఇటలీ దర్శకుడు ఫెల్లినీ 1980లో తీసిన ‘సిటీ ఆఫ్ విమెన్’ రాత్రి మూడోసారి చూశాను. చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. స్నాపొరాజ్ అనే నడివయసు మనిషి (మార్చెల్లో మాస్ట్రొయాని) రైల్లో కునుకు తీస్తుంటాడు. ఎదురుగా కూర్చున్నావిడ మీద మోజుపడి, ఆమె దిగితే తనూ దిగిపోతాడు. వెంటపడి వెళ్తే ఒక హోటల్, అందులో స్త్రీవాదుల మహాసభ. అక్కణ్ణించి పారిపోయి కట్జోనే అనే డాక్టరు భవంతిలో తేలతాడు. తన లెక్కలో పదివేలవ ఆడదాన్ని ‘గెలిచానని’ ఆ డాక్టరు పదివేల కొవ్వొత్తులతో పండగ చేసుకుంటుంటాడు. తర్వాత స్నాపొరాజ్‌ను బోనులో పెట్టి విచారణకు తీసుకెళ్తారు. దీన్ని ఆడవాళ్ళను వెక్కిరించే సినిమా అని చాలామంది కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. మగాడి బుర్రలో ఉన్న చెత్తంతా ఇంత ధైర్యంగా బయట పోసినవాళ్ళు లేరు.

మల్లెపందిరి:
పోశాడు సరే, ఎత్తిందెవరు? కట్జోనే ఇంట్లో ఆ నడవా గుర్తు చేసుకోండి. గోడల నిండా ఆడవాళ్ళ ఫోటోలు. ఒక్కోటీ వెలిగి, అందులో మనిషి గుసగుసలు వినిపిస్తాయి. అన్నీ పడకటింటి మాటలే. స్నాపొరాజ్ తిరునాళ్ళలో బొమ్మల కొట్టు చూసిన పిల్లాడిలా మురిసిపోతాడు. వాళ్ళకు ఇంకో మాట ఉంటుందని అతనికీ తోచలేదు, తీసినాయనకీ తోచలేదు.

పాతటికెట్:
మేడమ్, అది అతని కల. కలలో వాళ్ళు అతని బుర్రలో ఉన్నట్టే కనిపిస్తారు గానీ నిజంగా ఉన్నట్టు ఎందుకు కనిపిస్తారు?

సాయంత్రంషో:
నీనో రోటా సంగీతం కోసమైనా చూడాలి.

రీలుపెట్టె:
రోటా కాదండీ, ఆయన 1979లోనే పోయారు. దీనికి లూయిస్ బకలోవ్. ఇక కల అంటున్న పాతటికెట్ గారికి ఒక ప్రశ్న. చివర్లో స్నాపొరాజ్ అదే రైల్లో, భార్య ఎలెనా ఎదురుగా మేలుకుంటాడు కదా, మరి కళ్ళద్దాలు ఎందుకు పగిలి ఉన్నాయి? కలలో కనిపించిన ఆడవాళ్ళు వచ్చి అదే పెట్టెలో ఎందుకు కూర్చుంటారు? కల అని తోసెయ్యడానికి లేదు.

పాతటికెట్:
కళ్ళద్దాలు నిద్రలో కిందపడి పగలొచ్చు.

రీలుపెట్టె:
పడినట్టు సినిమాలో లేదు. లేనిది మీరు కలపకండి.

తూర్పుకిటికీ:
కళ్ళద్దాలు పక్కన పెట్టి అప్పటి ఇటలీని చూడండి. విడాకుల చట్టం 1970లో వచ్చింది. దాన్ని రద్దు చేయించాలని చూస్తే 1974లో జనం ఓటేసి నిలబెట్టుకున్నారు. గర్భస్రావం చట్టం 1978లో వచ్చింది. ఈ సినిమా విడుదలయ్యేనాటికి ‘పరువు’ పేరుతో భార్యనో కూతురినో చంపినవాడికి శిక్ష తగ్గించే సెక్షన్ ఇంకా ఉంది, 1981లో గానీ పోలేదు. వీధుల్లో ఆడవాళ్ళు ఇంత పోరాడుతుంటే, హోటల్లో వాళ్ళ సభను ఒక పెద్ద గోలలా చూపించారు. కోపం రాదా?

పాతటికెట్:
వస్తుంది, కాదనను. కానీ ఆ విచారణ సీను చూస్తే నాకు ఊపిరాడదు. విడాకులప్పుడు మా పెద్దలు నన్ను కూర్చోబెట్టారు. ఐదుగురు ఆడవాళ్ళు, మూడు గంటలు. నేను ఏం చేశానో ఎవరూ ఒక్క ముక్కలో చెప్పలేదు, ‘నీకే తెలియాలి’ అన్నారు. స్నాపొరాజ్‌ది అదే గతి. అతన్ని సులువుగా తిట్టేవాళ్ళు అలా ఒక్కసారి కూర్చుని చూడండి.

మల్లెపందిరి:
మీ బాధ అబద్ధమనను. కానీ సినిమాలో ఎలెనా ఒకతె ఉంది, గమనించారా? పదివేల కొవ్వొత్తుల పార్టీలో తాగి మొగుడితో గొడవ పడుతుంది, కడుపులో ఉన్నదంతా కక్కేస్తుంది. అంటే చెప్పింది. మీరు మూడుసార్లు చూసి ఆమె గురించి ఒక్క వాక్యం రాయలేదు. మీకెవరూ చెప్పలేదంటున్నారు, మీరు విన్నారా?

పాతటికెట్:
ఇక్కడ కూడా అదే విచారణ మొదలైంది. నా ఇంటి సంగతి మీకేం తెలుసని అలా అడుగుతారు?

సాయంత్రంషో:
ఇద్దరూ కాస్త శాంతించండి.

మల్లెపందిరి:
మీ ఇంటి సంగతి అడిగినందుకు క్షమించండి, ఆ మాట అనకూడదు. మా ఇంటి సంగతి చెప్తాను. మా ఆయన చాలా మంచిగా తప్పు ఒప్పుకుంటారు. ‘అవును, నాదే పొరపాటు, నేనిలాంటివాణ్ణి’ అంటారు, ఒక్కోసారి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటారు. మర్నాడు పొద్దున తాగిన కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీదే ఉంటుంది, అడుగున చక్కెర, దాని మీద చీమలు. నేనే తీసి కడగాలి. పదకొండేళ్ళుగా ఇదే. ఇప్పుడు ఫెల్లినీని చూడండి. 1963లో ‘ఎయిట్ అండ్ హాఫ్’లో అంతఃపురం కల తీశాడు. అందులో వయసు మీరిన ఆడవాళ్ళను మేడ మీదికి పంపేస్తారు, హీరో కొరడా ఝళిపిస్తాడు. అప్పుడే ఒప్పుకున్నాడు కదా, ‘నా మనసు ఇలాంటిది’ అని. 17 ఏళ్ళ తర్వాత, అరవై ఏళ్ళ వయసులో, అదే మాస్ట్రొయానితో మళ్ళీ అదే ఒప్పుకోలు. మీరు ధైర్యం అంటున్నది నాకు రోజూ వినే మాటలా ఉంది.

రీలుపెట్టె:
చివర్లో స్నాపొరాజ్ ఆడబొమ్మ ఆకారంలో ఉన్న బెలూన్ ఎక్కి పైకి పోతుంటాడు కదా. కింద నుంచి దాన్ని మెషిన్‌గన్‌తో కాల్చేది ఆ బొమ్మకు మూలమైన డొనాటెల్లానే, హోటల్లో అతనికి సాయం చేసిన అమ్మాయి. తన ఊహను తనే కూల్చుకున్నాడంటే మారినట్టు కాదా?

మల్లెపందిరి:
బెలూన్ కూలాక ఆయన లేచింది ఎక్కడ? అదే రైలు, అదే సీటు.

పాతటికెట్:
మేడమ్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా నాన్న చనిపోయేదాకా అమ్మకు ఒక్కసారి కూడా ‘తప్పు నాది’ అనలేదు. ఆ మాట కోసం అమ్మ ఎంత ఎదురుచూసిందో కళ్ళారా చూశాను. అందుకే ఒక మగాడు తెర మీద రెండు గంటల పైగా అదే మాట చెప్తుంటే నాకది చాలా పెద్ద విషయం. మీకు ఆ మాట దొరికింది, దాంతో గ్లాసు కడగబడలేదు. ఎలెనా మాట నిజమే. ఆమె సీన్లలో నేను స్నాపొరాజ్ మొహమే చూశాను.

మల్లెపందిరి:
మీ అమ్మగారి సంగతి చదివి మనసు కష్టమైంది. కానీ ఆ మాట వినుంటే ఆవిడకు సరిపోయేదని మీరు అనుకుంటున్నారు. నేను అనుకోవట్లేదు.

రీలుపెట్టె:
కళ్ళద్దాలకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.