అన్నయ్య భయాలకి, ఆర్మీలో మింగిన మలేరియా మాత్రలకి సంబంధం ఉంటుందా?

ఓరుగల్లు చిన్నోడు:
మా అన్నయ్య చదువుకని విదేశం వెళ్ళి, అక్కడి ఆర్మీలో చేరాడు. 2009లో ఆరు వారాల శిక్షణకి ఆఫ్రికా పంపారు. వారానికో మెఫ్లోక్విన్ మాత్ర. రెండో వారం నుంచే పీడకలలు, గుడారం బయట ఎవరో తిరుగుతున్నారని రాత్రంతా కూర్చునేవాడట. యుద్ధం చూసింది లేదు. ఇప్పటికీ చెవిలో హోరు, నడుస్తుంటే తూలడం, గిన్నె కిందపడితే ఉలిక్కిపడటం. అమ్మ తాయెత్తు కట్టించింది. తూలడానికి తాయెత్తేంటో!

మాజీ నర్సింగ్ అసిస్టెంట్:
తమ్ముడూ, నేనూ ఫౌజులో మలేరియా మాత్రలు పంచినవాణ్ణే. నాలుక ఎత్తించి మింగారో లేదో చూసేవాళ్ళం. మింగాక రాత్రి ఎలా పడుకున్నావని మాత్రం అడిగేవాళ్ళం కాదు.

మెఫ్లోక్విన్ అమెరికా సైన్యం పరిశోధనలో తయారైంది. పాత మందు క్లోరోక్విన్‌కి లొంగని మలేరియా కోసం. మలేరియా రాకుండా ఇచ్చే ఇంకో మందు డాక్సీసైక్లిన్ రోజూ మింగాలి, ఇది వారానికి 250 మి.గ్రా. ఒక్కటి చాలు. సైన్యాలకి నచ్చింది అందుకే. కానీ ఒంట్లో మందు సగం తగ్గడానికే రెండు మూడు వారాలు పడుతుంది. పడకపోతే అంతకాలం మోయాల్సిందే. 2013 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది: తల తిరగడం, తూలడం, చెవిలో హోరు మందు ఆపాక కూడా ఉండిపోవచ్చు, కొందరికి శాశ్వతంగానే. ఆందోళన, అనుమానం, భ్రమలు కూడా అందులో ఉన్నాయి. డిప్రెషన్ ఉన్నవాళ్ళకి అసలు ఇవ్వకూడదు.

రాజమండ్రి రావు:
అన్నిటికీ మాత్రనే అంటే ఎలాగండీ? ఇల్లు వదిలి, నిద్ర లేక, కొత్త దేశంలో ఉంటే ఎవరికైనా టెన్షనే.

మాజీ నర్సింగ్ అసిస్టెంట్:
రావుగారూ, నిజమే, ఒక్క లక్షణం చూసి తేల్చలేం. కానీ తూలడం, హోరు టెన్షన్ ఖాతాలో వేసేసి వదిలేస్తే చెవి పరీక్ష ఎవరు చేస్తారు? బ్రిటన్‌లో 2016లో పార్లమెంటు రక్షణ కమిటీ ఇదే మందు మీద విచారించి, ఇక వేరే దారి లేకపోతేనే ఇవ్వాలంది. మాజీ ఆర్మీ చీఫ్ లార్డ్ డానెట్, తన కొడుక్కి ఈ మందు పడలేదని, తనైతే వేసుకోనని చెప్పి, సైనికులకి క్షమాపణ కూడా చెప్పాడు.

చిన్నోడూ, మందు ఎప్పుడు మొదలెట్టాడు, ఏ లక్షణం ఎప్పుడొచ్చిందో తేదీలతో రాయించు. సర్వీసు మెడికల్ రికార్డు తెప్పించుకోమను. ఈఎన్‌టీకి, సైకియాట్రిస్టుకి ఇద్దరికీ ఆ మందు పేరు చెప్పాలి. చచ్చిపోవాలనే మాట ఎప్పుడైనా వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఒంటరిగా వదలొద్దు.

ఓరుగల్లు చిన్నోడు:
ఇప్పుడే ఫోన్ చేశానన్నా. మాత్ర ఏ రోజు ఇచ్చేవాళ్ళని అడిగితే ఆలోచించకుండా "బుధవారం" అన్నాడు. బుధవారం రాత్రి గుడారంలో ఎవరూ సరిగా పడుకునేవాళ్ళు కాదట. రికార్డుకి రేపే రాస్తానన్నాడు.