డ్యూటీ లేని ఉదయాలు విజయవాడలో ఎక్కడ గడపాలి?

అందరికీ నమస్కారం. నేను పిల్లల డాక్టర్ని, మావారు మత్తు డాక్టరు. వచ్చే నెల హైదరాబాద్ నుంచి విజయవాడకు మారుతున్నాం. ఇల్లు, పాప స్కూలు కుదిరాయి. నేను అడిగేది ఆసుపత్రి బయటి జీవితం గురించి.

పన్నెండేళ్లుగా నైట్ డ్యూటీ దిగడం, ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చోవడం, ఇంటికొచ్చి పడుకోవడం, ఇదే బతుకు. మొన్న పాప మా బొమ్మ గీసింది. అందులో మేమిద్దరం సోఫాలో కళ్లు మూసుకుని ఉన్నాం. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. అందుకే ఈసారి ఊరితో పాటు అలవాట్లూ మార్చుకోవాలని గట్టిగా అనుకున్నాం.

ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడిచాం. కృష్ణమ్మ గాలి తగిలితే ప్రాణం లేచొచ్చింది. బళ్ల రద్దీ లేకుండా రోజూ నడవడానికి, పాప సైకిల్ తొక్కడానికి ఘాట్ల వైపు మంచి దారి ఉందా? మావారికి ఆన్‌కాల్ ఉన్న రోజు పిలిచిన అరగంటలో ఆసుపత్రిలో ఉండాలి. భవానీ ద్వీపానికి వెళ్తే తిరుగు పడవ కోసం ఆగాలేమోనని టెన్షన్.

సెలవు దొరికిన ఆదివారాలకు కొండపల్లి కోట, కొండవీడు, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షులు, బాపట్ల వైపు సూర్యలంక బీచ్ రాసుకున్నాం. పక్షుల కోసం ఏ నెలలో వెళ్లాలి? పిల్లలతో కొండలెక్కే బృందాలున్నాయా? మే ఎండల్లో మీరంతా ఏం చేస్తారు? అక్కడ పనిచేసే డాక్టర్లు చెబితే మరీ మేలు.