అమ్మతో బర్మా వెళ్దామనుకుంటున్నా. ఎనిమిది రోజుల్లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

తీరంగాలి:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో. అమ్మకి అరవై మూడేళ్ళు. వాళ్ళ తాత రంగం (ఇప్పటి యాంగోన్) వెళ్ళి రేవులో బస్తాలు మోశాడట. 1941 డిసెంబరులో బాంబులు పడ్డాక కాలినడకన తిరిగొచ్చిన వాళ్ళలో ఆయనొకడు. అమ్మ ఆ కథలు వింటూనే పెరిగింది. ఎక్కడికి తీసుకెళ్ళనమ్మా అంటే కాశీ అనలేదు, రంగం అంది.

ఒక ట్రావెల్స్ వాళ్ళు ప్యాకేజీ పంపారు. యాంగోన్, బాగో, గోల్డెన్ రాక్, మాండలే, మింగున్, బగాన్, పోపా కొండ, ఇన్లే సరస్సు, అన్నీ కలిపి ఎనిమిది రోజులు. చదివితేనే ఆయాసం వస్తోంది. అమ్మకి షుగరు, మోకాళ్ళ నొప్పి. సోమవారం, శనివారం నీచు ముట్టదు. దానికి తోడు అక్కడ పరిస్థితి బాగోలేదని వార్తల్లో చూస్తున్నాం. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

బ్యాంకాక్ బాబాయ్:
ముందు చేదు మాట చెప్పేస్తా అన్నా. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచీ ఆ దేశంలో చాలాచోట్ల పోరాటమే. అది చాలనట్టు 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. మాండలే, సగైంగ్ బాగా దెబ్బతిన్నాయి. ఇక్కడ బ్యాంకాక్‌లోనే కట్టుబడిలో ఉన్న పెద్ద భవనం కూలింది. మేం ఆఫీసులో పంతొమ్మిదో అంతస్తు నుంచి మెట్ల మీద దిగాం, రెండ్రోజులు కాళ్ళు పట్టేశాయి. అక్కడ 1934 నాటి ఆవా వంతెన ఇరావతి నదిలోకి ఒరిగిపోయింది. మాండలేలో మహాముని బుద్ధుడి ఆలయం దెబ్బతింది. ఇన్లే సరస్సు మీద ఇళ్ళు కూలాయి.

అందుకని 2018, 19 నాటి ఫోటోలు చూసి ప్లాన్ వేయకు. టికెట్లు కొనేముందు ఒకసారి, బయల్దేరేముందు ఇంకోసారి యాంగోన్‌లో మన ఎంబసీ వాళ్ళు పెట్టే సూచనలు చదువు. ఊరికీ ఊరికీ మధ్య రాత్రి బస్సులు అసలు వద్దు. ఇన్సూరెన్స్ వాళ్ళని గొడవలున్న ప్రాంతాలకి కవర్ వస్తుందా అని రాతపూర్వకంగా అడుగు. ఫోన్లో అడిగితే అందరూ వస్తుందనే అంటారు. ఏది చూడాలో నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

పాస్‌బుక్ ఆంటీ:
బాబూ, మేం వెళ్ళింది 2018 డిసెంబరులో. నేనూ మా ఆయనా, పదకొండు రోజులు. బ్యాంకులో రిటైరైన డబ్బుతో చేసిన మొదటి ఖర్చు అదే. ఇప్పటి సంగతులు పైన అబ్బాయి చెప్పాడు, వాటి జోలికి నేను పోను. నేను చెప్పేది మీ అమ్మగారి పాదాల గురించి.

బర్మాలో గుడంటే అడుగున మెట్టు దగ్గరే చెప్పులు విప్పేయాలి. సాక్సులు కూడా. మన గుళ్ళో పది నిమిషాల్లో ప్రదక్షిణ అయిపోతుంది. అక్కడ యాంగోన్‌లో ష్వేడగాన్ పగోడా ఒక్కటే రెండు గంటలు. బగాన్‌లోనైతే రోజుకి పది పన్నెండుసార్లు విప్పడం, తొడగడం. నాకూ షుగరే. రెండోరోజు మిట్టమధ్యాహ్నం ఒక పగోడా చుట్టూ నడిచాను. అందరూ గంతులేస్తుంటే నాకేం కాలట్లేదే అని కాస్త గొప్పగా కూడా అనుకున్నాను. రాత్రి చూసుకుంటే బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత బొబ్బ. కాలింది, నొప్పే తెలియలేదు.

ఇక మిగతా రోజులన్నిటికీ టైమ్‌టేబుల్ వేసింది ఆ బొబ్బే. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా గుళ్ళు. తర్వాత నీడ, భోజనం, నిద్ర. నాలుగు దాటాక మళ్ళీ గుళ్ళు. మీరూ అలాగే వేసుకోండి. నల్లరాయి వదిలేసి తెల్లరాయి మీద నడవమనండి. వంగి బకిల్ పెట్టుకునే చెప్పులు కాకుండా కాలు దూర్చేస్తే సరిపోయేవి కొనండి. తడి టిష్యూలు, చిన్న అద్దం పట్టుకెళ్ళండి. అద్దం దేనికంటే, రాత్రి అరికాళ్ళు చూసుకోవడానికి. మోకాళ్ళ నొప్పికి భయం లేదు, ష్వేడగాన్ ఎక్కడానికి లిఫ్టులూ ఎస్కలేటరూ ఉన్నాయి.

ష్వేడగాన్‌కి సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళి చీకటి పడేదాకా కూర్చోండి. దాదాపు 99 మీటర్ల బంగారం. పొద్దు దిగేకొద్దీ పసుపు, నారింజ, రాగి రంగులన్నీ తిరుగుతుంది. అంతకంటే నాకు గుర్తున్నది చీపుళ్ళు. ఒక పాతికమంది ఆడవాళ్ళు భుజం భుజం ఆనించి ఒకే వరసలో ఊడ్చుకుంటూ వస్తారు, జీతానికి కాదు, పుణ్యానికి. మనం పక్కకి జరగాలి. వాళ్ళు వెళ్ళాక నేల మీద నుంచి తడి గచ్చు వాసన లాంటిదొకటి.

చుట్టూ వారాల మూలలుంటాయి. ఏ వారం పుడితే ఆ మూలకెళ్ళి అక్కడున్న బుద్ధుడికి చిన్న గిన్నెతో నీళ్ళు పోయాలి. వాళ్ళ లెక్కలో వారాలు ఎనిమిది. బుధవారాన్ని రెండు చేశారు. పొద్దున్న పుడితే దంతాల ఏనుగు, మధ్యాహ్నం దాటి పుడితే దంతాల్లేని ఏనుగు, అది రాహువు మూల. మా ఆయనకి నక్షత్రం తెలుసు, పాదం తెలుసు, గోత్రం సరేసరి. వారం తెలీదు! ఫోన్లో పాత క్యాలెండరు తీస్తే బుధవారమని తేలింది. సరే, పొద్దున్నా, సాయంత్రమా? అక్కడి నుంచే మా అత్తగారికి ఫోన్. ఆవిడకి ఎనభై ఆరు, చెవుడు. పగోడా అంతా వినబడేలా ఈయన అరుస్తుంటే ఆవిడ తీరిగ్గా "ఆవులు ఇంటికొచ్చే వేళరా" అంది. దంతాల్లేని ఏనుగు, వాయవ్యం మూల. ఈయన నీళ్ళు పోస్తుంటే పక్కనున్న లుంగీ పెద్దాయన వేళ్ళతో లెక్కపెట్టి చూపించాడు, వయసెంతో అన్ని గిన్నెలు, పైన ఇంకొకటి. అరవై రెండు గిన్నెలు పోసేసరికి ఈయన చొక్కా సగం తడిసింది. మీ అమ్మగారి వారం ఇక్కడే కనుక్కుని వెళ్ళండి.

బగాన్‌కి మూడు రాత్రులు ఇవ్వండి. ఇంకెక్కడ తగ్గించినా అక్కడ తగ్గించకండి. మూడున్నర వేలకి పైగా గుళ్ళూ స్తూపాలూ, మన పొలాల్లో గడ్డివాముల్లా ఎటు చూసినా అవే. 2019లో యునెస్కో జాబితాలో చేర్చారు. కుర్రాళ్ళు ఈ-బైకుల మీద తిరుగుతారు, మీరు అమ్మగారికి గుర్రబ్బండి మాట్లాడండి. పాత ఫోటోల్లోలా గుడి పైకెక్కి సూర్యోదయం చూద్దామనుకోకండి, ఎక్కనివ్వరు. చూడ్డానికి మట్టిదిబ్బలు వేశారు. గుడి ముందు ఇసకలో పల్లేరుకాయల్లాంటి ముళ్ళుంటాయి, ధమ్మయాంజీ గుడి లోపల గబ్బిలాల రెట్ట. టిష్యూలు అందుకే.

అన్నీ చూడక్కర్లేదు. ఆనంద గుడిలో నాలుగు దిక్కులా తొమ్మిది మీటర్లు దాటిన నిలువెత్తు బుద్ధులున్నారు. దక్షిణం వైపు బుద్ధుణ్ణి దూరం నుంచి చూస్తే నవ్వుతున్నట్టుంటాడు. నడుచుకుంటూ దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ నవ్వు పోయి గంభీరమైపోతాడు. నేను నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ నడిచి ఎక్కడ మారుతున్నాడో పట్టుకుందామని చూశాను. దొరకలేదు. మా బ్రాంచి మేనేజరు ఇలాగే ఉండేవాడని మా ఆయనతో అంటే గుళ్ళో నవ్వకూడదన్నాడు. అక్కడే నట్‌లాంగ్ చౌంగ్ అని విష్ణుమూర్తి గుడి ఒకటుంది, మీ అమ్మగారికి నచ్చుతుంది. చిన్నదే.

పోపా కొండ మెట్లు 777, నిండా కోతులు. మేం ఎక్కలేదు, కిందనుంచి దణ్ణం పెట్టాం. కానీ ఆ దారి మాత్రం వదలకండి. తాటితోపుల మధ్య ఆగితే ఒకతను చెట్టుకే కట్టిన వెదురు నిచ్చెన మీద పైకెక్కి కుండలు దింపాడు. కింద వాళ్ళావిడ పొయ్యి మీద తాటిబెల్లం ఉడికిస్తోంది. పక్కనే ఎద్దు గానుగ, వేరుశనగ నూనె. మా అమ్మమ్మగారి ఊళ్ళో గానుగ నేను ఆఖరిసారి చూసింది ఐదో తరగతిలో. ఉండ చేసి చేతిలో పెట్టిన బెల్లం షుగరున్నా తిన్నాను, అది మీ అమ్మగారికి చెప్పకండి.

మాండలేలో నాకో కోపం మిగిలిపోయింది. మహాముని విగ్రహానికి రేకులు అంటించి అంటించి ఒళ్ళంతా బంగారం గడ్డకట్టి ఉంటుంది. ఆ రేకు అంటించడానికి మగవాళ్ళకే అనుమతి. మా ఆయన లోపల అంటిస్తుంటే నేను బయట కూర్చుని టీవీ తెరలో చూశాను. కొండ మీది బంగారు బండ, ఆ గోల్డెన్ రాక్ దగ్గరా అంతే, ఆడవాళ్ళు తాకకూడదు. అక్కడికి పోవాలంటే లారీలో పలకల మీద కూర్చోబెట్టి ఘాట్ రోడ్డెక్కిస్తారు. మోకాళ్ళ నొప్పితో అదెందుకు చెప్పండి? కొట్టేయండి. మాండలే వైపు నన్ను మెప్పించింది ఊ బెయిన్ వంతెన. 1.2 కిలోమీటర్లు, వెయ్యికి పైగా టేకు స్తంభాలు, పంతొమ్మిదో శతాబ్దం నాటిది. పైగా చెప్పులతో నడవొచ్చు!

డబ్బు మాట. డాలర్లు కొత్తవి, మడత లేనివి తీసుకెళ్ళండి. మా వంద నోటు మధ్యలో చిన్న మడతుందని కౌంటరులో అమ్మాయి నవ్వుతూ వెనక్కి తోసేసింది. జీవితమంతా నోట్లు లెక్కపెట్టినదాన్ని, నాకే! ఆ నోటు లావుపాటి పుస్తకంలో పెట్టి రెండు రాత్రులు పరుపు కింద పడేశాం. మూడోరోజు ఇంకో కౌంటరులో చెల్లింది.

రంగం మనవడు:
మాది విశాఖ బర్మా క్యాంపు. పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. 2019లో నేనొక్కణ్ణే వెళ్ళాను.

తమ్ముడూ, మీ అమ్మగారు చూడాలనుకునేది పగోడాలు కాదేమో. రేవు చూపించు. యాంగోన్‌లో పాన్సోడాన్ రేవు నుంచి నది దాటి డాలాకి పడవ పోతుంది, పది నిమిషాలు కూడా పట్టదు. పడవ మధ్యలోకి వెళ్ళాక వెనక్కి తిరిగి ఊరివైపు చూడమను. ఆ ఒడ్డునే మనవాళ్ళు దిగారు, ఆ ఒడ్డునే మోశారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కొరంగీలనేవారు. 1930 మేలో రేవు కూలీలు సమ్మె చేస్తే పెద్ద గొడవైంది, మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. మా తాత ఆ మాటొస్తే లేచి బయటికెళ్ళిపోయేవాడట. మోల్మేన్, బాగో వైపు పల్లెల్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు.

ఊళ్ళో 1871 నాటి కాళీ గుడి ఉంది, తమిళులు కట్టింది. ఆ చుట్టుపక్కల తిండికి లోటుండదు. దోసెని తోషే అంటారు, పరోటాని పలాటా. సమూసాని కత్తెరతో ముక్కలు చేసి, క్యాబేజీ వేసి పులుసు పోసి ఇస్తారు, మొదట నాకు ఏడుపొచ్చింది, మూడోరోజు నుంచి పొద్దున్నే అదే. నీచు తినని రోజు "తెత్ తత్ లుట్" అనండి, ప్రాణం తీయనిది అని అర్థం. అయినా ఒకటికి రెండుసార్లు అడగండి, చాలా కూరల్లో రొయ్యల ముద్ద కలిపేస్తారు. చేపల పులుసులో సేమ్యాలు వేసినట్టుండే మొహింగా మాత్రం మామూలు రోజున అమ్మగారు తినాల్సిందే.

బోర్డులు చూసి మోసపోకు. గుండ్రటి అక్షరాలు, దూరం నుంచి అచ్చం తెలుగే. అవీ మన దక్షిణాది లిపుల నుంచి పోయినవే. దగ్గరికెళ్తే ఒక్క ముక్క రాదు. అంకెలు కూడా వాళ్ళవే కాబట్టి సున్నా నుంచి తొమ్మిది దాకా విమానంలో నేర్చేసుకో, బస్సు నంబరుకి పనికొస్తుంది.

తీరంగాలి:
అందరికీ దండాలు. ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేసి ప్యాకేజీ వద్దన్నా. ఎంబసీ సూచనలు అనుకూలంగా ఉంటే డిసెంబరులో యాంగోన్ నాలుగు రోజులు, విమానంలో బగాన్ మూడు రాత్రులు, అంతే. మాండలే, ఇన్లే ఈసారికి లేవు. బాగాలేకపోతే ఆగుతాం. అమ్మకి డాలా పడవ సంగతి చదివి వినిపిస్తే ఏమీ అనలేదు, లేచి వెళ్ళి వాళ్ళ తాత ఫోటో తుడిచింది.

ఆంటీ, వారం అడిగాను. "నన్ను మంగమ్మ అని ఎందుకు పిలుస్తారనుకున్నావురా" అంది.

పాస్‌బుక్ ఆంటీ:
మంగళవారం! అయితే సింహం. ఆగ్నేయం మూల. బర్మావాళ్ళు కూడా పుట్టిన వారాన్ని బట్టే పేరు మొదటి అక్షరం పెడతారు, ఆవిడతో చెప్పండి. అరవై నాలుగు గిన్నెలు, కొంగు దోపుకోమనండి.