అప్పులు తగ్గించమనడం పేదలకు వ్యతిరేకమవుతుందా?

బ్రాడీపేట వాసి: రాష్ట్రం ఆదాయానికి లోబడి ఖర్చు చేయాలని నేనంటే, మా వీధి చివర టీ బడ్డీ దగ్గర అందరూ నన్ను పేదల వ్యతిరేకి అంటున్నారు. ఈ వాదనను సరిగ్గా ఎలా వినిపించాలో పెద్దలు చెప్పగలరా?

బెజవాడ లెక్కల మాస్టారు: అయ్యా, ముందు రెవెన్యూ లోటును (జీతాలు, వడ్డీల వంటి రోజువారీ ఖర్చు రాబడిని మించిన మేర), ద్రవ్య లోటును (కట్టడాలతో సహా మొత్తం ఖర్చు, అప్పులు కాని రాబడిని మించిన మేర) వేరుగా చూపండి. ప్రకాశం బ్యారేజీ లాంటి కట్టడం కోసం చేసే అప్పు తరతరాలకు నీళ్లిస్తుంది. ఈ నెల జీతాల కోసం చేసే అప్పు మాత్రం వడ్డీనే మిగులుస్తుంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం అనుమతి పొందాలి కనుక, ప్రభుత్వ సంస్థలైన కార్పొరేషన్ల పేరిట అప్పు తెచ్చి బడ్జెట్ బయట ఉంచే అలవాటు పలు రాష్ట్రాల్లో పెరిగింది. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే ఉంది.

పట్నంబజార్ వ్యాపారి: మాస్టారి మాట కాదనను. అయితే మా దుకాణంలో మూటలు మోసిన పెద్దాయన ఒకటో తారీఖున పింఛను అందగానే కిరాణా బాకీ తీర్చి, మందుల చీటీ జేబులోంచి తీస్తారు. పొదుపు అక్కడ మొదలుపెట్టకండి.

బ్రాడీపేట వాసి: నిజమేనండీ. 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడైన మన నిడుబ్రోలు ఎన్.జి. రంగాగారు ప్రభుత్వ పెత్తనాన్ని వ్యతిరేకిస్తూనే రైతు పక్షాన నిలిచారు. రేపు బడ్డీ దగ్గర కార్పొరేషన్ల అప్పులతోనే మొదలుపెడతాను.