2001 నాటి మాజ్డా ఎంఎక్స్-5 కొనవచ్చా? తుప్పు భయం పట్టుకుంది

కృష్ణలంక (రెడింగ్):
ఇంట్లో పిల్లల కోసం పెద్ద కారు ఉంది. ఇది కేవలం నా సరదా. రెండో తరం ఎంఎక్స్-5, 1.8 ఇంజన్, 92 వేల మైళ్లు తిరిగింది, 1,900 పౌండ్లు అడుగుతున్నారు. రంగు నిగనిగలాడుతోంది, ఇంజన్ చప్పుడు కూడా బాగానే ఉంది. “నలుగురున్న ఇంటికి ఇద్దరు కూర్చునే బండి ఎందుకు?” అని మా ఆవిడ అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. తుప్పు సంగతి మాత్రం తెలిసినవారు చెప్పండి. శనివారం మళ్లీ చూడటానికి వెళ్తున్నాను.

తుప్పుదాసు (లెస్టర్):
మీ ఆవిడ ప్రశ్నకు మా ఇంట్లోనూ ఏడేళ్లుగా జవాబు దొరకలేదు. నాది 1991 నాటి మొదటి తరం, 1.6.

ఇంజన్ చప్పుడు విని మురిసిపోకండి. ఈ బండ్లలో అన్నిటికంటే చివర పోయేది ఇంజన్. ముందు పోయేది రేకు. సీట్ల వెనుక, మడత పైకప్పు కింద రెండు మూలల్లో చిన్న తూములుంటాయి. పైకప్పు మీద పడిన వాన వాటిలోంచి నేలకు పోవాలి. ఆకులు, మట్టి చేరి తూము పూడిపోతే ఆ నీళ్లు సిల్‌లోకి, అంటే తలుపు కింద ఉండే బోలు రేకులోకి చేరతాయి. లోపలి నుంచి తుప్పు తింటూనే ఉంటుంది, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

కొన్న మొదటి చలికాలం, మలుపు తిరిగినప్పుడల్లా నా వెనుక బుడబుడమని చప్పుడు. డిక్కీలో నీళ్ల సీసా దొర్లుతోందనుకుని రెండు వారాలు వెతికాను. సీసా లేదు. నీళ్లు మాత్రం ఉన్నాయి, సిల్‌లో! తోటలో గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తీగను తూములోకి దూర్చి ఆడిస్తే ముందు నల్లటి బురద, తరువాత కుళ్లిన ఆకులు, ఆ వెనుక గ్లాసుల కొద్దీ నీళ్లు వచ్చాయి. అప్పటికే ఆలస్యమైంది. వేసవి రాకముందే వెనుక చక్రం దగ్గర సిల్‌ను బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. రెండు వైపులా వెల్డింగుకు 800 పౌండ్లయింది. బండి కొన్నది 1,500కు.

శనివారం లీటరు నీళ్లు, టార్చి, చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. తూముల్లో నీళ్లు మెల్లగా పోస్తే వెనుక చక్రాల ముందు నేల తడవాలి. సిల్ వెనుక చివర అయస్కాంతం అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. రెండో తరానికి ఇంకో జబ్బు కూడా ఉంది. ఇంజన్‌కు రెండు పక్కలా ముందుకు సాగే ఛాసిస్ దూలాలు, రేకుల పొరల మధ్య తడి చిక్కుకుని కుళ్లిపోతాయి. అవి పోయి ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

మిగతావన్నీ చిల్లర ఖర్చులే. క్లచ్ స్లేవ్ సిలిండర్ కారుతుంది, నేను రెండుసార్లు మార్చాను. వెనుక బ్రేకు కాలిపర్లు బిగుసుకుపోతాయి. టైమింగ్ బెల్ట్ 60 వేల మైళ్లకు మార్చాలి, రసీదు అడగండి. బండి నంబరు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటులో పాత ఎంఓటీ (బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని ఏటా చేసే తనిఖీ) పరీక్షల వివరాలు ఉచితంగా కనిపిస్తాయి. అమ్మేవారి మాట కంటే ముందు అవి చదవండి.

ఈస్ట్‌హామ్ వాసి:
లండన్ వచ్చే పని ఉంటే ఒకసారి ఆలోచించండి. పొగ ఎక్కువ వదిలే బండ్లకు రుసుము వేసే అక్కడి యూలెజ్ ప్రాంతంలో పెట్రోలు కారు యూరో 4 అనే పొగ ప్రమాణాన్ని అందుకోవాలి. 2006కు ముందు కార్లు చాలావరకు అందుకోలేవు, తిప్పిన రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ, అంటే నగరమంతటికీ, ఇదే వర్తిస్తోంది. అందుకే నేను 2007 నాటి మూడో తరం తీసుకున్నాను. నడపడానికి అదీ హాయిగానే ఉంది.

తుప్పుదాసు:
హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ దాని దీపాలు పైకి లేవవు కదా! నా మొదటి తరం బండి ముందు దీపాలు బానెట్‌లోంచి పైకి లేచినప్పుడల్లా మా చిన్నది “నాన్నా, కారు నిద్ర లేచింది” అంటుంది. లండన్‌కు రైల్లో వెళ్తాను.

కృష్ణలంక:
వెళ్లి వచ్చాను. కుడి తూములో పోసిన నీళ్లు వెంటనే కిందికి వచ్చాయి. ఎడమ తూములో పోసినవి ఎటు పోయాయో తెలియలేదు. అయస్కాంతం కూడా ఎడమవైపే జారి పడింది. ఎంఓటీ చరిత్రలో రెండేళ్లు వరుసగా సిల్ తుప్పు అని ఉంది. మూడో ఏడు ఆ మాట లేదు, అడుగున నల్లటి పూత దట్టంగా వేసి ఉందని మాత్రం రాశారు. “ఎప్పుడూ గ్యారేజీలోనే ఉంచాం” అన్నారు అమ్మేవారు. దండం పెట్టి వచ్చేశాను.

వింత ఏమిటంటే, నేను కింద పడుకుని టార్చి వేసి చూస్తున్నంతసేపూ మా ఆవిడ పైకప్పు తెరిపించుకుని డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. దారిలో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత “ఇలాంటిదే మంచిది ఇంకెక్కడైనా ఉందేమో చూడండి” అంది. జపాన్ నుంచి యూనోస్ పేరుతో వచ్చిన ఇవే కార్లు నయమా?

తుప్పుదాసు:
రేకు విషయంలో సాధారణంగా నయమే. కానీ ఈ దేశానికి వచ్చి ఎన్ని చలికాలాలు గడిచాయో అడగండి. ఇక్కడి రోడ్ల మీద ఉప్పు దేన్నీ వదలదు. మీటరు కిలోమీటర్లలో ఉంటుంది, లక్ష చూసి బెదరకండి. ఆ నీళ్ల సీసా మాత్రం పారేయకండి.